తాబేళ్లను గుర్తించే ఫొటో యాప్: ఫ్లాప్‌షెల్ విషయంలో ఎంతవరకు నమ్మవచ్చు?

ఫొటోను బట్టి జీవజాతి పేరు చెప్పే ఒక మొబైల్ యాప్‌ను, మన చెరువుల్లోనూ పొలం కాలువల్లోనూ కనిపించే ఇండియన్ ఫ్లాప్‌షెల్ తాబేలును గుర్తించడానికి కొంతకాలంగా వాడుతున్నాను. గట్టి డిప్ప తాబేలు ఏదో, మెత్తటి డిప్ప తాబేలు ఏదో చెప్పడంలో ఈ యాప్ దాదాపు తడబడదు. మెత్తటి వాటిలో ఏది ఏ జాతిదో తేల్చవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

పైనుంచి తీసిన ఫొటో ఇస్తే, ఫ్లాప్‌షెల్ పేరునూ, కృష్ణా గోదావరి నదుల్లో ఉండే లీత్ సాఫ్ట్‌షెల్ తాబేలు పేరునూ పక్కపక్కనే చూపించి ఊరుకుంటుంది. దీన్ని పూర్తిగా తప్పుపట్టలేం. రెండింటికీ డిప్పపై పలకలకు బదులు నున్నటి చర్మమే ఉంటుంది, ముక్కు సన్నని గొట్టంలా ముందుకు పొడుచుకొని వస్తుంది, ఒక్కో పాదానికి మూడేసి గోళ్లు ఉంటాయి. అసలు తేడా అడుగుభాగంలో ఉంది. ఫ్లాప్‌షెల్ వెనుక కాళ్లను లోపలికి ముడుచుకోగానే, పొట్టవైపు డిప్ప అంచున ఉన్న రెండు చర్మపు మూతలు వాటిని కప్పేస్తాయి. లీత్ తాబేలుకు ఇవి ఉండవు. తాబేలును ముట్టుకోకుండా, తిరగేయకుండా, ఫోన్‌ను నేలకు ఆనించి వెనుకవైపు నుంచి ఫొటో తీస్తే యాప్ సమాధానం స్పష్టంగా మెరుగుపడుతుంది. ఈ సూచన యాప్‌లో ఎక్కడా లేకపోవడం పెద్ద లోటు.

యాప్‌లోని జాతి వివరణ మరింత ఇబ్బందికరం. అందులో ఫ్లాప్‌షెల్ డిప్పపై పసుపు మచ్చలుంటాయని మాత్రమే రాశారు. అవి గంగా, సింధు పరీవాహక ప్రాంతాల ఉపజాతి లక్షణం; దక్షిణాదిలో కనిపించే తాబేళ్లకు అటువంటి మచ్చలు ఉండవు. పైగా లీత్ తాబేలు పిల్లల డిప్పపై కళ్లను పోలిన గుండ్రటి మచ్చలుంటాయి కనుక, మచ్చలనే ఆనవాలుగా తీసుకున్న తెలుగు పాఠకుడు సరిగ్గా తలకిందుల నిర్ణయానికి వస్తాడు.

ఫొటో తీసిన చోటు ఇతరులకు కనబడకుండా దాచే సదుపాయం మాత్రం మెచ్చుకోదగినది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నప్పటికీ ఫ్లాప్‌షెల్‌ను మాంసం కోసం పట్టడం ఆగలేదు; ఏ చెరువులో ఉందో బయటపెట్టడమంటే వేటగాళ్లకు దారి చూపడమే. అయితే ఆ సదుపాయాన్ని మనమే వెతికి ఆన్ చేసుకోవాలి. అది మొదటినుంచీ ఆన్‌లో ఉండేలా మార్చేంతవరకు నేను ఈ యాప్‌కు 5కు 3 కంటే ఎక్కువ ఇవ్వలేను.