మాన్‌స్టర్ డిజైన్ పోటీ: బొమ్మ గీసి పంపడం మేలా, గళ్లలో చుక్కలు పెట్టి పంపడం మేలా?

వర్చువల్ పెట్ అంటే చేతిలో పట్టే చిన్న పరికరం తెర మీద మనం పెంచుకునే బొమ్మ జీవి. దాని అభిమానుల కోసం జరిగే మాన్‌స్టర్ డిజైన్ పోటీలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో మన మాన్‌స్టర్‌ని కాగితం మీదనో ట్యాబ్‌లోనో మనకు నచ్చిన రంగుల్లో గీసి పంపితే సరిపోతుంది. గెలిచిన బొమ్మను పిక్సెల్ బొమ్మగా, అంటే గళ్లలో చుక్కల బొమ్మగా మార్చే పని నిర్వాహకులు చూసుకుంటారు. రెండోదాంట్లో ఆ పని కూడా మనదే. 16 గళ్ల వెడల్పు, 16 గళ్ల ఎత్తు, నలుపు తప్ప ఇంకో రంగు ఉండదు. నడక, తిండి, నిద్ర, కోపం అన్నీ మనమే చుక్కలు పెట్టి చూపించాలి. నల్లగొండ, పాలమూరు వైపు బొమ్మలు గీసే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎవరైనా దేనికి పంపాలని అడిగితే నేను రెండోదానికే పంపమంటాను. అట్లని మొదటిదాన్ని తీసిపారెయ్యను, దాని బలం దానికుంది.

ముందు ఈ పదహారు గళ్ల లెక్క ఎక్కడిదో చూద్దాం. 1996 నవంబరులో బందాయ్ కంపెనీ జపాన్‌లో తమగోచ్చిని విడుదల చేసింది. గుడ్డు ఆకారం, మూడు బటన్లు, నలుపు తెలుపు తెర. మరుసటి ఏడాది జూన్‌లో అదే కంపెనీ మగపిల్లలను దృష్టిలో పెట్టుకొని డిజిటల్ మాన్‌స్టర్‌ను తెచ్చింది. మనం డిజిమాన్ అంటున్నది దాన్నే. రెండు పరికరాలను ఒకదానికొకటి ఆనిస్తే లోపలి మాన్‌స్టర్లు తలపడతాయి. తెర మొత్తం కలిపి 32 అడ్డం, 16 నిలువు. ఒక్కో మాన్‌స్టర్‌కు దక్కేది అందులో సగం, అంటే 256 చుక్కలు. చుక్క నల్లగా ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. మధ్యలో బూడిద రంగనేది లేదు. మనలో చాలామందికి అగుమాన్, గ్రేమాన్ వంటి డిజిమాన్ మాన్‌స్టర్లు అనగానే టీవీలో చూసిన రంగుల బొమ్మలే గుర్తొస్తాయి. ఆ టీవీ సీరియల్ 1999లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే అవి ఈ గళ్లలో నడిచాయి, తిన్నాయి, పోట్లాడాయి.

ఇక మొదటి రకం పోటీ బలమేంటో చెప్పాలి. దీనికి మంచి ఉదాహరణ వర్చువల్ పెట్‌లో కాదు, పక్కనే ఉన్న వీడియో గేముల్లో ఉంది. కాప్‌కామ్ కంపెనీ 1988లో వచ్చిన రాక్‌మ్యాన్ 2 అనే గేము కోసం పిల్లలను శత్రు పాత్రల బొమ్మలు పంపమంటే ఎనిమిది వేలకు పైగా వచ్చాయి. పిల్లలు గీశారు, కంపెనీ బొమ్మలవాళ్లు దిద్ది గేములోకి తెచ్చారు. ఆ తర్వాతి భాగాలకూ ఇదే పద్ధతి. నాలుగో భాగంలోని డస్ట్ మ్యాన్, ఐదో భాగంలోని క్రిస్టల్ మ్యాన్, ఈ రెండు బొమ్మలనూ పంపిన పిల్లవాడు యూసుకే మురాతా. పెద్దయ్యాక జపాన్‌లో పేరున్న మాంగా (జపాన్ కామిక్స్) చిత్రకారుడయ్యాడు. కంప్యూటర్ లేకున్నా, పిక్సెల్ అంటే ఏంటో తెలియకున్నా, ఊహ ఉంటే చాలని ఈ పోటీలు నిరూపించాయి. కల్వకుర్తిలో ఆరో తరగతి పిల్ల స్కెచ్ పెన్నులతో గీసిన బొమ్మ కూడా అందులో నిలబడగలదు. ఇది చిన్న సంగతి కాదు.

కానీ వర్చువల్ పెట్ సంగతి వేరు. గేములో శత్రువు ఒక ఆటలో వచ్చి పోతుంది. పెట్ అట్లా కాదు, రోజంతా మన జేబులో ఉంటుంది. అది ఎట్లా నడుస్తుంది, అలిగితే మొహం ఎట్లా పెడుతుంది అన్నదాంట్లోనే దాని ప్రాణం ఉంటుంది. మొదటి రకం పోటీలో ఆ ప్రాణం పోసేది మనం కాదు. "మామా, కాయితం మీద గీసి పంపితే సాలదా? మిగిలింది వాళ్లే చేస్కుంటరు గదా" అన్నాడు మా అక్క కొడుకు. "చేస్కుంటరు రా, కానీ అప్పుడది వాళ్ల చెట్టయితది, నీ చెట్టు కాదు" అన్నాను.

వాడు గీస్తున్నది చెట్టే. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిని మాన్‌స్టర్ చేయాలని వాడి ఆలోచన. కాగితం మీదైతే ఊడలు ఎన్నంటే అన్ని గీసుకోవచ్చు. గళ్లలోకి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఊడ ఒక చుక్క మందం, పక్కన ఒక చుక్క ఖాళీ అనుకుంటే పదహారు గళ్లలో ఎనిమిది ఊడలు పడతాయి. అది చెట్టులా ఉండదు, దువ్వెనలా ఉంటుంది. పైగా నడక చూపించడానికి రెండో ఫ్రేములో, అంటే వెంటనే వచ్చే రెండో బొమ్మలో, ఊడలను ఒక చుక్క పక్కకు జరిపితే అవి పోయి ఖాళీల్లో పడతాయి. నలుపు తెలుపు తారుమారై తెర మిలమిలలాడుతుందే తప్ప చెట్టు అడుగేసినట్టు కనిపించదు. అందుకని నాలుగు ఊడలే పెట్టాలి. ఒక్కోటి రెండు చుక్కల మందం, మధ్యలో రెండేసి చుక్కల ఖాళీ. మొత్తం పద్నాలుగు గళ్లు పోను, ఇటొకటి అటొకటి మిగులుతాయి. ఒకటో ఊడ, మూడో ఊడ ఒక చుక్క పైకి లేచినప్పుడు మిగతా రెండూ నేల మీద ఉంటాయి. తర్వాతి ఫ్రేములో అటుదిటు. అప్పుడు మర్రిచెట్టు బరువుగా, కాస్త ఊగుతూ నడుస్తుంది.

కళ్లు ఇంకా గమ్మత్తు. నల్లటి కొమ్మల గుబురులో రెండు చోట్ల నాలుగేసి చుక్కలు ఖాళీగా వదిలితే అవే కళ్లు. రెండు కళ్లలోనూ పైన లోపలివైపు చుక్కను నల్లగా నింపితే చెట్టుకు కోపం వస్తుంది. పైన బయటివైపు చుక్కను నింపితే అదే చెట్టు దిగులుగా చూస్తుంది. పై చుక్కలు రెండూ నింపితే కునుకు తీస్తుంది. మొహం మారింది ఒకటి రెండు చుక్కలతోనే. ఈ ఆనందం కాగితం పోటీలో దొరకదు. గీసినవాళ్లకే ఇది దక్కాలని నా పట్టుదల.

మన ప్రాంతానికి గళ్ల లెక్క కొత్తదేమీ కాదు. పోచంపల్లిలో, పుట్టపాకలో చీర నేయకముందే డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గళ్లలో వేస్తారు. ఆ లెక్క ప్రకారం పోగులకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాళ్ల మీద ఏనుగు, సింహం మాత్రమే కాదు, గడియారం, విమానం కూడా ఇట్లా గళ్లలోంచే వచ్చాయి. ఇట్లా పోగులకు కట్లు కట్టి రంగేసే చిటికీ పనిలో రంగు కొంచెం పాకి అంచు మెత్తబడుతుంది, ఆ అందం వేరు. తెర మీద అంచు పాకదు, చుక్క తప్పితే తప్పినట్టే కనిపిస్తుంది. అయినా గ్రాఫ్ కాగితం ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లలకు ఒక గడిలో ఎంత చెప్పొచ్చో, ఏది వదిలెయ్యాలో ముందే కొంత తెలిసి ఉంటుంది. బొమ్మ గీసి పంపే పోటీలో ఆ తెలివికి చోటు లేదు. చుక్కల పోటీలో అదే వాళ్ల బలం.

ఇంకో తేడా ఉంది. 1997 నాటి పరికరంలో మాన్‌స్టర్ పెరిగి ఏమవుతుందన్నది పెంచినవాళ్ల శ్రద్ధను బట్టి ఉండేది. బాగా చూసుకుంటే గ్రేమాన్ వంటిది వచ్చేది, పట్టించుకోకుంటే నూమెమాన్ అనే జిగురు పురుగు వచ్చేది. అందుకే చుక్కల పోటీకి పంపేటప్పుడు ఒక్క బొమ్మతో ఆగొద్దు. చిన్నప్పటి రూపం, సాకితే వచ్చే రూపం, సాకకుంటే వచ్చే రూపం మూడూ పెట్టండి. మర్రి విత్తనం, మర్రి చెట్టు, చీడ పట్టిన మొద్దు. మూడింటిలోనూ ఆ కళ్లు మాత్రం ఒకటే ఉంటే చూసేవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

విజేతను న్యాయనిర్ణేతలు తేల్చే పోటీకి పంపాలా, ఓట్లతో తేల్చేదానికా అన్న ప్రశ్నకు ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఓట్ల మీద నడిచే పోటీలో ఫాలోవర్లు ఎక్కువున్నవాళ్లే గెలుస్తారు. దేవరకొండ పిల్లవాడికి అది న్యాయం చేయదు. నిర్ణేతలు ఉన్నదే ఎంచుకోండి.

హక్కుల సంగతి మాత్రం నిదానంగా చదవాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు ఇంకొకరికి బదలాయించాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లుగా, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తారు. బదలాయించినా ఆ బొమ్మ గీసింది నేనే అని చెప్పుకునే హక్కు మనకే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు తాము ఒప్పందం చేసుకోలేరు, అమ్మానాన్నలతో చదివించి వాళ్లతోనే సంతకం చేయించండి. మొదటి రకం పోటీలో ఇంకో చిక్కు కూడా ఉంది. మన బొమ్మ ఒకటి, దాన్ని చూసి వాళ్లు వేసిన పిక్సెల్ బొమ్మ ఇంకొకటి. రెండోదాని మీద మన మాట చెల్లడం కష్టం. చుక్కలు మనమే పెడితే ఆ పేచీ రాదు. డిజిమాన్ వంటి ఫ్రాంచైజీ పేరు, గుర్తులు మాత్రం ఎప్పటికీ కంపెనీవే, వాటిని పెట్టి టీషర్టులు వేసి అమ్ముకోవద్దు.

మరి బొమ్మ గీసి పంపే పోటీ ఎవరికి? చేతిలో ఫోన్ కూడా లేని చిన్నపిల్లలకు, రంగులే ప్రాణమైనవాళ్లకు. ఇప్పుడు రంగు తెరల పరికరాలు కూడా వస్తున్నాయి, అటువంటివాటికి పెద్ద రంగుల బొమ్మ పనికొస్తుంది. మిగతావాళ్లందరూ నలుపు చుక్కలతోనే మొదలుపెట్టండి. స్టేషనరీ షాపులో గ్రాఫ్ కాగితం తెచ్చుకొని పెన్సిల్‌తో గళ్లు నింపి, కుదిరాక పిస్కెల్ వంటి ఉచిత సాధనంలో ఎక్కించండి. దాచేటప్పుడు జేపీజీ వద్దు, అంచుల్లో మసక మరకలు పడతాయి. పీఎన్‌జీలోనే దాచండి. పెద్దది చేయాలంటే సరిగ్గా నాలుగు రెట్లో ఎనిమిది రెట్లో చేయండి, రెండున్నర రెట్లు చేస్తే గళ్లు ఒకటి లావు ఒకటి సన్నం అవుతాయి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు మీరు పెట్టిన 256 చుక్కలూ ఉన్నవి ఉన్నట్టే అవతలికి చేరతాయి.