అభిమాన హీరో కోసమైతే ఏది మేలు: ‘రానా నాయుడు’ లేక ‘దూత’?

మా అమ్మ పుట్టిల్లు కారంచేడు పక్క ఊరే. వెంకటేశ్ పుట్టింది కారంచేడులో. 2022లో జిల్లాలు విడదీసి ఆ ఊరిని బాపట్లలో కలిపినా, అమ్మ లెక్కలో ఆయన ఇప్పటికీ మా ప్రకాశం జిల్లా అబ్బాయే. అందుకే 2023 మార్చిలో ఆయన నటించిన వెబ్ సీరీస్ ‘రానా నాయుడు’ నెట్‌ఫ్లిక్స్‌లోకి రాగానే, ఒంగోలులో మా ఇంట్లో పెందలాడే అన్నాలు తిని టీవీ ముందు కూర్చున్నాం. కాసేపటికే బూతులు మొదలయ్యాయి. అమ్మ ఏమీ అనలేదు. "పాలు తోడేసి వస్తానే" అని వంటింట్లోకి వెళ్లి మళ్లీ రాలేదు. సౌండ్ తగ్గించాలా, ఆపేయాలా తేలక నేను రిమోట్ పట్టుకుని అలాగే ఉండిపోయా.

అదే ఏడాది డిసెంబరులో ప్రైమ్‌లో ‘దూత’ వచ్చింది. హీరో నాగచైతన్య, వెంకటేశ్‌కి మేనల్లుడు. ఎనిమిది ఎపిసోడ్లూ ఇద్దరం కలిసే చూశాం. విశాఖపట్నం, ఆగని వాన, ఒక జర్నలిస్టు. అతని చేతికొచ్చే పాత పేపర్ ముక్కల్లో రాసినట్టే చావులు జరుగుతుంటాయి. బజ్జీలు తిన్నాక పొట్లం కాగితం కూడా చదివే అలవాటున్న మనకి ఈ భయం వెంటనే ఎక్కుతుంది. మర్నాడు సాయంత్రం బజ్జీల పొట్లం విప్పి, అమ్మ ఆ కాగితాన్ని రెండువైపులా తిరగేసి చూసింది! నెత్తురు ఇందులోనూ ఉంది, చిన్నపిల్లలతో మాత్రం వద్దు.

భాషలో కూడా ‘దూత’దే పైచేయి. విక్రమ్ కుమార్ దాన్ని తెలుగులోనే తీశారు. ‘రానా నాయుడు’ అమెరికా సీరీస్ ‘రే డోనోవన్’ ఆధారంగా హిందీలో తీసింది, మనం వినేది డబ్బింగ్. నటుడి కోసం కూర్చున్నవాళ్లకి పెదాలు ఒకటి పలికి మాట ఇంకోటి వినపడితే ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

ఇక నటన సంగతి. ‘రానా నాయుడు’ వచ్చిన వారమే మిగతా ఎపిసోడ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కదాన్నే చూశా. పదిహేనేళ్లు జైల్లో ఉండి వచ్చిన నాగా నాయుడిగా వెంకటేశ్. కొడుకు రానా ఆయన్ని గడప తొక్కనివ్వనంటాడు. మనవళ్ల దగ్గర మాత్రం ఆయన ఆ పాత నవ్వే నవ్వుతాడు. 1986 నుంచి చూస్తున్న నవ్వు, ఇంట్లో మనిషి నవ్వు. దాన్ని ఈసారి నమ్మాలో వద్దో తెలియదు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది తుపాకులు కాదు, అదే. చైతన్య బాగా చేశాడు కానీ, ‘దూత’లో మనల్ని లాక్కెళ్లేది కథ. ‘రానా నాయుడు’లో మనిషే లాక్కెళతాడు.

ఇంట్లో అందరూ కూర్చుని చూసేట్టయితే నా ఓటు ‘దూత’కే, రెండో ఆలోచన లేదు. వెంకటేశ్ కోసమే అయితే ‘రానా నాయుడు’ ఒంటరిగా చూడండి. 2025 జూన్‌లో వచ్చిన రెండో సీజన్‌లో బూతులు నా చెవికి కొంత తగ్గినట్టే అనిపించాయి. అయినా తండ్రీకొడుకుల పగ అర్థం కావాలంటే మొదటి సీజన్ నుంచే మొదలుపెట్టాలి.

అమ్మకి ఆ కథ నేనే చెప్పా, గోరుచిక్కుళ్లు తుంచుతూ, తిట్లన్నీ తీసేసి. అంతా విని, "నవ్వు మాత్రం అలాగే ఉందా?" అని అడిగింది.

ఉందమ్మా, అన్నా.