దీపావళి సేల్‌లో టీవీ కొనేవాళ్లు జాగ్రత్త: ‘హెచ్‌డీఆర్’ స్టిక్కర్ చూసి డబ్బులు పెట్టకండి

హౌస్ ఆఫ్ ది డ్రాగన్ అనే ఇంగ్లిష్ సీరీస్ కోసమే కొత్త టీవీ కొన్నాను. ఆ టీవీలో ఏడో ఎపిసోడ్ సగం చూడలేకపోయాను. ఇది 2022 అక్టోబర్ మాట, దీపావళి సేల్ నడుస్తోంది. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ కూడా సరిగ్గా పండగ రోజే, 24న మనకొస్తోంది. ఆ తొందరలో నాలాగే ఎవరైనా ఆర్డర్ పెట్టేస్తారేమోనని రాస్తున్నా. కథలో కొన్ని విషయాలు బయటపడతాయి, ఇంకా చూడనివాళ్లు గమనించండి.

నేను కొన్నది 55 అంగుళాలది, ఆన్‌లైన్ దసరా సేల్‌లో 34,999 రూపాయలు. అమ్మిన పేజీలోనూ డబ్బా మీదా ‘4కె హెచ్‌డీఆర్’ అని పెద్ద అక్షరాలు. హెచ్‌డీఆర్ అంటే వెలుగు, చీకటి తేడాలు మరింత బాగా చూపించే పద్ధతి. అక్టోబర్ 1న ఇంటికొచ్చింది, 2న గోడకి బిగించారు. 3వ తేదీ సద్దుల బతుకమ్మ. అమ్మ హాల్లోనే తంగేడు, గునుగు ముందేసుకుని కూర్చుంది. నేను పొద్దున్నే ఎపిసోడ్ పెట్టాను.

మొదట లేనా అనే ఆవిడ అంత్యక్రియలు. పగటి వెలుతురు, సముద్రం, రాతి శవపేటిక జారి నీళ్లలో పడటం, అన్నీ బాగానే కనిపించాయి. తర్వాత రాత్రయింది. అక్కడినుంచి తెర మీద ఏమీ లేదు.

ఏ సీన్ పోయిందో చెప్తే నా బాధ అర్థమవుతుంది. ఏమండ్ అనే పిల్లాడికి డ్రాగన్ లేదు. తోటి పిల్లలు పందికి రెక్కలు కట్టి ‘ఇదే నీ డ్రాగన్’ అని ఏడిపించారు. వాడు ఆ రాత్రి ఒక్కడే ఇసుక దిబ్బలు దాటుకుంటూ వేగార్ అనే డ్రాగన్ దగ్గరికి వెళ్తాడు. బతికున్న డ్రాగన్లన్నిటిలోకీ పెద్దది అదే. దాన్నెక్కి తిరిగిన లేనాని ఆ రోజే సాగనంపారు. తల్లి తర్వాత అది తనదవుతుందని ఆమె కూతురు ఎదురుచూస్తోంది. వీడు దాన్నెక్కి తనది చేసుకుంటాడు, కథ మొత్తం అక్కడే మలుపు తిరుగుతుంది. ఆ తర్వాత పిల్లల కొట్లాట, వాడి కన్ను పోవడం, వాడి తల్లి ఆలిసెంట్ కత్తి పట్టుకుని, కన్ను పొడిచిన పిల్లాడి తల్లి రెనీరా మీదికి రావడం, అన్నీ ఆ ఒక్క సీన్‌లోంచి పుట్టినవే.

నా టీవీలో ఆ సీన్ బూడిద రంగు దుప్పటి కప్పినట్టుంది. నలుపు నలుపులా లేదు, వెలుగు అసలే లేదు. మధ్యలో ఏదో కదిలింది, అది పిల్లాడో డ్రాగనో తెలీలేదు. కర్టెన్లు వేశా, లైట్లు ఆర్పా. అమ్మ తలెత్తి చూసి “ఏంట్రా, బొమ్మ రావట్లేదా?” అంది.

ముందు తీసినవాళ్ల మీదే కోపమొచ్చింది. నిజం చెప్పాలంటే వాళ్ల పాత్ర కూడా ఉంది. ఈ ఎపిసోడ్ డైరెక్టర్ మిగెల్ సపోచ్నిక్. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో ‘ది లాంగ్ నైట్’ ఎపిసోడ్ తీసిందీ ఆయనే, అప్పుడూ చీకటి గురించే గొడవ. దాని కెమెరామన్ ఫేబియన్ వాగ్నర్, జనం తమ టీవీలు సరిగ్గా సెట్ చేసుకోకపోవడమే సమస్య అన్నారు. ఈసారి అమెరికాలో ప్రేక్షకులు ఫిర్యాదు చేస్తే, ఆ మసక వెలుతురు కావాలని తీసుకున్న నిర్ణయమే అని అక్కడ దీన్ని చూపించే హెచ్‌బీఓ మాక్స్ జవాబిచ్చింది. అందుకే అన్యాయంగా టీవీని తిట్టకూడదనుకున్నా.

దసరా రోజు జమ్మి ఇవ్వడానికి వనస్థలిపురంలో బావ వాళ్లింటికి వెళ్లాం. బావ పదిహేనేళ్లుగా టీవీలు రిపేరు చేస్తాడు. వాళ్లింట్లో ఉన్నది ఆరేళ్ల పాత టీవీ, 4కె కూడా కాదు. అదే సీన్ పెట్టి చూశాం. ఇసుక మీద గాలి గీసిన గీతలు కనిపించాయి. వేగార్ ఒంటి మీంచి వేలాడే తాళ్లు, మెడ కింద ముడతలు కనిపించాయి. అది నోరు తెరిస్తే గొంతులో ఎర్రగా మంట రాజుకుంటోంది, పిల్లాడు కాళ్లు వణుకుతున్నా కదలకుండా దాని ఎదురుగా నిలబడ్డాడు. అది చూసి ఆనందపడాలో, నా డబ్బు తల్చుకుని ఏడవాలో తెలీలేదు.

“బామ్మర్దీ, నీ టీవీ ఎన్ని నిట్స్?” అనడిగాడు బావ. నిట్స్ అంటే తెర వెలుగు కొలత. నాదెంతో నాకు తెలీదు. అమ్మిన పేజీలో ఎక్కడా లేదు. కంపెనీ సైట్‌లో వెతికితే అడుగున ఉంది: 250.

బావ చెప్పింది ఇదీ. ‘హెచ్‌డీఆర్ సపోర్ట్’ అంటే ఆ సిగ్నల్‌ని టీవీ తీసుకోగలదని మాత్రమే. దాన్ని సరిగ్గా చూపిస్తుందని కాదు. మంచి టీవీలకిచ్చే ‘అల్ట్రా హెచ్‌డీ ప్రీమియం’ ముద్ర కావాలంటే ఎల్‌సీడీ టీవీకి కనీసం 1,000 నిట్స్ వెలుగుండాలి. నాది అందులో పావు వంతు. పైగా బ్యాక్‌లైట్ మొత్తం ఒకేసారి వెలుగుతుంది, చీకటి ఉన్నచోట తగ్గించుకునే లోకల్ డిమ్మింగ్ లేదు. తెర ప్యానెల్ ఐపీఎస్ రకం, కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ ఉండే వెలుగు తేడా) సుమారు 1000:1. బావది వీఏ రకం ప్యానెల్, అందులో 3000:1 పైనే ఉంటుంది. రాత్రి సీన్లలో నలుపు నలుపులా కనిపించేది దానివల్లే.

రిటర్న్ సంగతి ఇంకా ఘోరం. పేజీలో ‘7 రోజులు’ అని చూసి వాపసు అనుకున్నా. అది రీప్లేస్‌మెంట్ మాత్రమే. టెక్నీషియన్ వచ్చి తెర మీద ఎరుపు, పచ్చ, నీలం వేసి చూశాడు. “గీతల్లేవు, చుక్కల్లేవు, పీస్ బాగానే ఉంది సార్” అని ఐదు నిమిషాల్లో వెళ్లిపోయాడు. సాయంత్రానికి యాప్‌లో ‘సమస్య లేదు’ అని రిక్వెస్ట్ మూసేశారు. పాడైతేనే మారుస్తారు, నాసిరకమైతే మార్చరు.

కాబట్టి కొనేముందు నిట్స్ ఎన్నో చూడండి. ఆ అంకె ఎక్కడా రాయలేదంటే ఆ మోడల్ వదిలేయండి. షాపులో తీసుకుంటే వాళ్లు వేసే చిలకలు, పూల వీడియోలు చూసి నిర్ణయించుకోకండి. టీవీని స్టోర్ మోడ్ (షాపులో మెరవడానికి పెట్టే సెట్టింగ్) నుంచి ఇంట్లో వాడే హోమ్ మోడ్‌లోకి మార్చమని అడగండి, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి మీరే ఒక రాత్రి సీన్ పెట్టించండి. ఈ ఏడో ఎపిసోడ్ అయితే ఇంకా మంచిది, పిల్లాడి మొహం కనబడుతుందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో అయితే రిటర్నా, రీప్లేస్‌మెంటా అన్నది డబ్బు కట్టకముందే చదవండి.

ఇప్పటికే నాలా ఇరుక్కున్నవాళ్లు కరెంటు ఆదాకి వెలుగు తగ్గించే ఎకో మోడ్ ఆపేసి చూడండి. ఎపిసోడ్‌ని హెచ్‌డీఆర్ కాకుండా మామూలు హెచ్‌డీలో పెడితే నా టీవీలో కాస్త నయమైంది. బావ చెప్తే తెలిసింది.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. డబ్బా పారేయలేదు. దాని మీది స్టిక్కర్ ఫొటో, కంపెనీ సైట్‌లో 250 అని ఉన్న పేజీ, రెండూ ఫిర్యాదుకి జత చేశాను. 24న ఎపిసోడ్ మాత్రం బావ వాళ్లింట్లోనే చూస్తా.