పిల్లల ఆరోగ్యం కొలవడానికి ఏ ఫారం మేలు?

"ఎలా ఉంది నాన్నా?" అని డాక్టరు పిల్లాడిని అడిగితే అమ్మ జవాబు చెప్పేస్తుంది: "రాత్రంతా దగ్గాడండీ, అన్నం సరిగ్గా తినడం లేదు." ఆమె చెప్పింది నిజమే. కానీ ఆటలో ఆయాసం వచ్చి పక్కన కూర్చుంటే తోటివాళ్లు ఏడిపించిన సంగతి అందులో రాదు. అది వాడు ఇంట్లో చెప్పి ఉండడు.

పిల్లల మాటనే లెక్కలోకి తీసుకునే ఫారాల్లో బాగా వాడుకలో ఉన్నవి రెండు. అమెరికాలో మనస్తత్వవేత్త జేమ్స్ వార్నీ రూపొందించిన పెడ్స్‌క్యూఎల్‌లో 23 ప్రశ్నలు ఉంటాయి: ఒంటి సత్తువ మీద 8, మనసు, స్నేహాలు, బడి మీద ఐదేసి. యూరోక్వాల్ అనే పరిశోధకుల బృందం తయారుచేసిన ఈక్యూ-5డీ-వైలో ఐదే ప్రశ్నలు: నడక, తన పనులు తాను చేసుకోవడం, రోజువారీ పనులు, నొప్పి, దిగులు. ఆపైన 0 నుంచి 100 దాకా ఉన్న గీత మీద తన ఆరోగ్యం ఎక్కడుందో పిల్లవాడే గుర్తు పెడతాడు.

రద్దీగా ఉండే ఓపీలో రెండోదే సులువు. కానీ అది అడిగేది "ఈ రోజు" గురించి. ఆస్తమా ఉన్న పిల్లలకు ఇక్కడే చిక్కు. ఆయాసం లేని రోజున వస్తే అన్నిటికీ "ఏం ఇబ్బంది లేదు" అని టిక్ పెట్టేస్తారు. పెడ్స్‌క్యూఎల్ మామూలు ఫారం గడిచిన నెల రోజుల గురించి అడుగుతుంది. ఒంట్లో బాగోక బడి మానేశావా, ఆసుపత్రికి వెళ్లడం కోసం మానేశావా అని విడివిడిగా అడుగుతుంది. తోటి పిల్లలు ఏడిపిస్తున్నారా అనీ అడుగుతుంది. నెలల తరబడి మందులు వాడే పిల్లలకు నేనైతే దీన్నే ఎంచుకుంటాను. సమయం ఎక్కువ పట్టినా సరే.

ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లకు ఇందులో మూడు ముఖాల బొమ్మలు ఉంటాయి. పెద్దవాళ్లు ప్రశ్న చదివితే పిల్లలు బొమ్మ చూపిస్తారు.

మరి అమ్మానాన్నల ఫారం? అదీ ఉంది, అవే ప్రశ్నలతో. పరుగు, నడక లాంటి కంటికి కనిపించే వాటిలో ఇద్దరి జవాబులూ చాలావరకు కలుస్తాయి. భయం, దిగులు దగ్గరే తేడా వస్తుంది. మాట్లాడలేని పసివాళ్లకు, బాగా నీరసించిన వాళ్లకు పెద్దల జవాబే దిక్కు. మిగతా పిల్లల విషయంలో అది తోడుగా ఉండాలి తప్ప, పిల్లల జవాబుకు బదులు కాకూడదు. అందుకే ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టకండి. అమ్మ పక్కన ఉంటే పిల్లవాడు ఆమె ముఖం చూసి టిక్ పెడతాడు.