పనసపొట్టు కోసం అమలాపురంలో నేను వెళ్ళే కొట్టు

మాది కరీంనగర్. ఆయన ఉద్యోగం వల్ల అమలాపురం వచ్చేదాకా పనసకాయ కూర వండుతారనే నాకు తెలియదు. మార్కెట్ వెనక వీధిలో బోర్డు కూడా లేని చిన్న కూరల కొట్టు నాకది నేర్పింది.

కొట్టు పిన్నిగారు చేతులకు నూనె రాసుకుని, లేత కాయ చెక్కు తీసి, కత్తితో టకటకా కొడతారు. పొట్టు సన్నగా, తడి లేకుండా పొడిపొడిగా ఉంటుంది. ముందే కొట్టి ప్యాకెట్లో పెట్టింది చెమట పట్టి నల్లబడుతుంది. ఇక్కడ కళ్ళముందే కొట్టిస్తారు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

అసలు లాభం పక్కన నిలబడ్డవాళ్ళ కబుర్లు. నిన్న ఏం వండారు, కందబచ్చలిలో పులుపెంత, వాక్కాయ పప్పులో ఎప్పుడు వేయాలి, అన్నీ అక్కడే తేలిపోతాయి. ఒకావిడ నాకు చెప్పింది: "పొట్టు పసుపు, ఉప్పు వేసి ఉడికించి గట్టిగా పిండండి. చింతపండు, పోపు పడ్డాక స్టవ్ కట్టేసి, కూర చల్లారాకే ఆవ, అంటే నూరిన ఆవాల ముద్ద, కలపండి. వేడి మీద కలిపితే చేదెక్కుద్దండీ." అలాగే చేశాను. ఆవ ఘాటు ముక్కుకెక్కింది, మా ఆయన మళ్ళీ అన్నం పెట్టించుకున్నారు!

పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్రం వెళ్ళకండి. వంటవాళ్ళ ఆర్డర్ల హడావిడిలో మన పొట్టు ముక్కలుముక్కలుగా వస్తుంది. ధర బయటకన్నా కాస్త ఎక్కువే, అయినా ఇవ్వొచ్చు. పొద్దున్నే వెళ్తే లేత కాయ దొరుకుతుంది.