గర్రుమన్న పాత గిటార్ యాంప్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్ల కిందట మిర్యాలగూడలో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్లు సామాన్లు అమ్మేస్తున్నారని తెలిసి, ముప్ఫై వాట్ల ట్రాన్సిస్టర్ గిటార్ యాంప్ (గిటారు శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) ఒకటి 5,500 రూపాయలకు కొన్నాను. పది అంగుళాల స్పీకరు, లోపల స్ప్రింగు రివర్బు (స్ప్రింగులతో పెద్ద హాల్లో వాయించినట్టు ప్రతిధ్వని తెప్పించేది), వెనుక మిక్సరుకు కలుపుకునే లైన్ అవుట్ ఉన్నాయి. అప్పటి నుంచి నల్లగొండలో మా ఇంట్లో పిల్లలకు గిటారు నేర్పడానికీ, ఆదివారాలు చర్చిలో వాయించడానికీ దీన్నే వాడుతున్నాను. పాత యాంప్ కొని, అది చేసే మోతకు విసిగి మూలన పెట్టేసినవాళ్లు మా జిల్లాలోనే నాకు ముగ్గురు తెలుసు కాబట్టి ఈ అనుభవాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంటికి తెచ్చి స్విచ్ వేయగానే యాంప్ గర్రుమంది. వాల్యూమ్ తిప్పితే చిటపటలు, ట్రెబుల్ పెంచితే బుస, కేబుల్ కదిలితే శబ్దం ఆగిపోవడం. అప్పట్లో ఇవన్నీ కలిసి నాకు ఒకటే రోగంలా వినిపించాయి. ప్రకాశం బజారు దగ్గర మైక్‌సెట్లు బాగుచేసే ఒక పెద్దాయన వద్దకు తీసుకెళ్తే, ఆయన మూత విప్పలేదు, ముందు ప్లగ్గు చూశాడు. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావు పిన్నును ఎవరో మొదలంటా కోసేశారు. ఆయన కొత్త ప్లగ్గు బిగించి తన బల్ల మీది బోర్డులో పెట్టగానే గర్రు సగానికి సగం తగ్గింది. "పిన్ను కోసినోడు మోత తగ్గుతదని కోసిండు సారూ, మనిషి పాణం మీదికొస్తదని అనుకోలే. ఇంటికి పోయినంక మీ బోర్డుల ఎర్తు ఉన్నదో లేదో చూసుకోర్రి" అన్నాడు.

ఇంటికి వచ్చి అదే ప్లగ్గును మా బోర్డులో పెడితే గర్రు మళ్లీ మొదటికి వచ్చింది. మల్టీమీటరుతో చూస్తే ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య 228 వోల్టులు ఉన్నాయి, ఫేజుకూ ఎర్తుకూ మధ్య మాత్రం అంకె 90 చుట్టూ నిలకడ లేకుండా ఊగుతోంది. ఎర్తు సరిగా ఉంటే ఈ రెండు అంకెలూ దాదాపు ఒకటే ఉండాలి. ఎలక్ట్రీషియనును పిలిపించి పెరట్లోని ఎర్తు గుంత తవ్విస్తే పైపుకు తీగను పట్టి ఉంచే క్లాంపు తుప్పు పట్టి విడిపోయి ఉంది, చుట్టూ వేసిన బొగ్గు, ఉప్పు ఎండి పొడిపొడిగా ఉన్నాయి. మాది రాతినేల, ఎండాకాలంలో తడి నిలవదు, తడి లేని నేలలోకి కరెంటు సులువుగా దిగదు. క్లాంపు మార్చి, గుంత మళ్లీ నింపి, నీళ్లు పోశాక ఫేజుకూ ఎర్తుకూ మధ్య 226 చూపింది. ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండుసార్లు ఆ గుంతలో ఒక బకెట్ నీళ్లు పోయడం ఇప్పుడు మా ఇంటి పనుల్లో ఒకటైంది.

పిన్ను కోసిన సంగతి ఇక్కడ ఆపకుండా చెప్పాలి. ఒక బోర్డు నుంచి యాంపుకూ, దూరంగా ఉన్న మరో బోర్డు నుంచి మిక్సరుకూ కరెంటు తీసుకుని రెండింటినీ కేబులుతో కలిపితే, రెండు ఎర్తుల మధ్య ఉన్న చిన్న తేడా వల్ల కేబుల్ పైపొరలో కరెంటు పారి హమ్ (ఆగకుండా గుయ్‌మనే మోత) వస్తుంది. ఫంక్షన్ హాళ్లలో తొందరలో ఉన్నవాళ్లు యాంప్ ఎర్తు తెంచేసి ఆ హమ్ ఆపుతారు. ఆ తర్వాత లోపల ఎక్కడైనా ఫేజు తీగ చాసిస్‌కు, అంటే యాంప్ లోహపు చట్రానికి, తగిలితే, ఆ కరెంటు కేబుల్ పైపొర గుండా గిటారు తీగల మీదికి వస్తుంది. తీగలు పట్టుకున్న మనిషి పెదవి మైకుకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మా చర్చిలో నేను యాంపుకూ మిక్సరుకూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటాను. అప్పటికీ హమ్ ఉంటే మధ్యలో డీఐ బాక్సు (యాంప్ సిగ్నలును మిక్సరుకు తగినట్టు మార్చి పంపే చిన్న డబ్బా) పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కుతాను. అది సిగ్నల్ కేబుల్ గ్రౌండును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్తు జోలికి పోదు.

ఎర్తు బాగుపడ్డాక కూడా గిటారు పీకేసి వాల్యూమ్ సున్నాకు తెచ్చినా ఒక గర్రు మిగిలింది. వాల్యూము తిప్పినా మారని మోత వాల్యూమ్ కంట్రోలు దాటిన తర్వాత పుడుతున్నట్టు లెక్క, తిప్పితే మారేది దానికి ముందు పుడుతున్నట్టు లెక్క. అది ఎలాంటి గర్రో తేల్చడానికి నాకు చెవే పనికొచ్చింది. మన కరెంటు 50 హెర్ట్జ్, బ్రిడ్జి డయోడ్లు దాన్ని డీసీగా మార్చినప్పుడు మిగిలే అల 100 హెర్ట్జ్. గిటారులో లావు తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే స్వరం 98 హెర్ట్జ్. మామూలు చెక్క గిటారును యాంప్ పక్కన పెట్టుకుని ఆ స్వరం మీటితే, యాంప్ గర్రూ గిటారు స్వరమూ దాదాపు కలిసి, సెకనుకు రెండుసార్లు లేస్తూ పడుతూ వినిపించాయి. అంటే లోపం ఆ అలను చదును చేసే వడపోత కెపాసిటర్లలో ఉండే అవకాశమే ఎక్కువ. అంతకంటే ఒక స్థాయి కిందుగా, మెత్తగా వినిపించే 50 హెర్ట్జ్ హమ్ అయితే ఎర్తు, కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరితనం వంటివి ముందు చూడాలి.

ప్లగ్గు పీకి, మూత విప్పి, ముందుగా రెండు పెద్ద కెపాసిటర్ల కాళ్ల మధ్య ఒక రెసిస్టరు పట్టి ఉంచి నిల్వ ఉన్న చార్జి దింపేశాను. ట్రాన్సిస్టర్ యాంపులో ఇవి పాతిక వోల్టుల దగ్గరే ఉంటాయి, వాల్వు యాంపులో (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులు ఉండే రకం) కొన్ని వందల వోల్టులు ఉంటాయి కాబట్టి వాల్వు యాంప్ మూత తెలియనివాళ్లు విప్పకూడదని గట్టిగా చెబుతున్నాను. రెండిట్లో ఒక కెపాసిటరు తల బల్లపరుపుగా కాక చపాతీ పొంగినట్టు ఉబ్బి ఉంది. తల మీద ప్లస్ గుర్తులా ఉండే గాటు మధ్యలో చీలి, అంచున గోధుమరంగు పెచ్చు కట్టింది. రెండూ 2200 మైక్రోఫారడ్, 35 వోల్టులవి, 85 డిగ్రీల రకం. కోఠి గుజరాతీ గల్లీ నుంచి అదే విలువకు 50 వోల్టులవి, 105 డిగ్రీల రకం తెప్పించి వేశాను. ఇక్కడి ఎండల్లో చెక్క పెట్టె లోపల, హీట్ సింకు పక్కన ఉండే కెపాసిటరుకు ఆ 20 డిగ్రీల తేడా ఆయుష్షుతో సమానం. ఇలాంటి ప్లస్, మైనస్ రెండు సప్లైల యాంపులో ఒక కెపాసిటరు ప్లస్ కాలు గ్రౌండుకు వెళ్తుందన్నది మరిచిపోతే కొత్తది పేలుతుంది. అందుకే పాతవి తీయకముందే ఫోనుతో ఫొటో తీసుకున్నాను. మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు పెద్దాయన దగ్గర అరువు తెచ్చిన సీరీస్ బల్బు (లోపల షార్ట్ ఉంటే ఎక్కువ కరెంటు పోకుండా ఆపేందుకు మధ్యలో కలిపే బల్బు) పెట్టాను. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది, యాంప్ నుంచి గర్రు లేదు. ఆ నిశ్శబ్దంలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు మొదటిసారి వినపడింది.

మిగతావి చిన్న పనులు. వాల్యూమ్, టోన్ కంట్రోళ్లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్ఫై సార్లు తిప్పితే చిటపటలు పోయాయి. బోల్టుల తుప్పుకు వాడే స్ప్రే మాత్రం అక్కడ కొట్టవద్దు. ఇన్‌పుట్ సాకెట్ కాలు దగ్గర లెడ్ (టంకం) చుట్టూ సన్నని ఉంగరంలా పగులు కనిపించింది, పాత లెడ్ తీసి కొత్తది పోశాను. బుస తగ్గుతుందని సిగ్నలును పెంచే 4558 ఐసీ తీసి టీఎల్ 072 వేశాను, కాళ్ల అమరిక రెండింటికీ ఒకటే. నిజం చెప్పాలంటే తేడా చాలా స్వల్పం, ఆ పని చేయకపోయినా నష్టం లేదు.

రివర్బు పెంచినప్పుడు మాత్రమే వచ్చే ఒక హమ్ నన్ను ఏడాది పాటు సతాయించింది. పెట్టె అడుగున ఉన్న స్ప్రింగు ట్యాంకు (రివర్బు స్ప్రింగులు ఉండే రేకు డబ్బా) అవుట్‌పుట్ కొస ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిగ్గా కింద ఉందని ఆలస్యంగా గమనించాను. మునుపెవరో విప్పి తిరగేసి బిగించినట్టుంది. ట్యాంకును కొస మార్చి బిగిస్తే ఖర్చు లేకుండా ఆ హమ్ నూటికి తొంభై వంతులు పోయింది.

ఇప్పటికీ వినిపించేవి కొన్ని ఉన్నాయి, అవి యాంప్ తప్పులు కావు. సింగిల్ కాయిల్ గిటారు (తీగల కదలికను పట్టే పికప్‌లో ఒకే తీగచుట్ట ఉండేది) పెడితే హమ్ ఉంటుంది, మనిషి పక్కకు తిరిగి కూర్చుంటే తగ్గుతుంది. మా పాత ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ రకం (కరెంటును నున్నటి అలగా కాక చతురస్రపు అలగా ఇచ్చేది) కావడంతో కరెంటు పోయినప్పుడల్లా యాంప్ కందిరీగలా రొద పెడుతుంది, అప్పుడు నేను దాన్ని ఆపేసి చెక్క గిటారుతోనే పాఠం నడుపుతాను.

విడిభాగాలకూ, పెద్దాయనకు ఇచ్చినదానికీ కలిపి ఎర్తు పని కాక 1,400 రూపాయలైంది. క్లీన్ టోన్ విషయంలో దీనికి నేను పూర్తి మార్కులు ఇస్తాను, వేళ్ల బరువు మారితే ఆ మార్పు స్పీకరులో స్పష్టంగా తెలుస్తుంది, నేర్పేవాడికి అదే కావాలి. డిస్టార్షన్ (రాక్‌లో వాడే గరుకు నాదం) పలుచగా ఉంటుంది, పెడల్ లేకుండా రాక్ వాయించేవాళ్లకు నచ్చదు. మళ్లీ ఇలాంటిది కొనాల్సి వస్తే సొంత కేబుల్ వెంట తీసుకెళ్తాను, వాల్యూమ్ సున్నాలో పెట్టి ఐదు నిమిషాలు వింటాను, ప్రతి కంట్రోలూ తిప్పి చూస్తాను, పెట్టెను పిడికిలితో తట్టి చూస్తాను. ప్లగ్గులో మూడో పిన్ను లేకపోతే, మూత విప్పి లోపల చూసుకున్నాకే ధర మాట్లాడతాను.