చదువుకు వెళ్లడం, వలస వెళ్లిపోవడం: రష్యన్ల దృష్టిలో రెండు దారులు

విదేశాల్లో చదువుకుని తిరిగి రావడాన్నీ, దేశాన్ని శాశ్వతంగా విడిచిపోవడాన్నీ రష్యన్ సమాజం ఒకే తక్కెడలో తూచదు. మొదటి దారికి ప్రభుత్వమే ఊతమిచ్చింది: 2014లో మొదలైన ‘గ్లోబల్ ఎడ్యుకేషన్’ పథకం కింద పేరున్న విదేశీ విశ్వవిద్యాలయాల్లో చదివేవారి ఖర్చును ఖజానా భరించి, చదువయ్యాక కనీసం మూడేళ్లు స్వదేశంలో పనిచేయాలని షరతు పెట్టింది.

వలస సంగతి వేరు. సోవియట్ కాలపు నిష్క్రమణ వీసా (దేశం దాటడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) 1993లో రద్దయినా, వెళ్లిపోయినవారిని అనుమానంగా చూసే అలవాటు పూర్తిగా పోలేదు. రష్యాలోని స్వతంత్ర సర్వే సంస్థ లెవాడా సెంటర్ లెక్కల ప్రకారం శాశ్వతంగా వెళ్లిపోవాలనుకునేవారు 2021లో 22 శాతం కాగా (18–24 ఏళ్లవారిలో దాదాపు సగం), 2022 మార్చి నాటికి 10 శాతానికి తగ్గారు. దీన్ని దేశాభిమానం పెరగడంగా మాత్రమే చదవడం పొరపాటని నా అభిప్రాయం. గట్టిగా కోరుకున్నవారిలో ఎందరో అప్పటికే వెళ్లిపోయారు, ఉక్రెయిన్‌తో యుద్ధకాలంలో సర్వే చేసేవారి ముందు మనసు విప్పడానికి కొందరైనా జంకి ఉంటారు. 2022 సెప్టెంబరు 21న పాక్షిక సైనిక సమీకరణ (రిజర్వులో ఉన్నవారిని సైన్యంలోకి పిలవడం) ప్రకటించగానే జార్జియా సరిహద్దులోని వెర్ఖ్నీ లార్స్ వద్ద కార్లు కిలోమీటర్ల పొడవునా బారులు తీరాయి. కాలినడకన దాటనివ్వకపోవడంతో కొందరు సైకిళ్లు కొనుక్కుని మరీ వెళ్లారు.

ఇప్పుడు రెండు దారుల మధ్య గీత చెరిగిపోతోంది. రష్యాలో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థల బ్యాంకు కార్డులు విదేశాల్లో చెల్లకపోవడంతో ఫీజు కట్టడమే కష్టమైంది; పైగా, కొడుకును చదువుకు పంపే తల్లికి అతడు తిరిగొస్తే సైన్యంలోకి పిలుస్తారేమోనన్న భయం కూడా ఉంది.